దవడ కంతులు: శేషం మిగలని శస్త్రచికిత్స కోసం రెండు వందల ఏళ్ల అన్వేషణ

కింది దవడ ఎముకలో ఒక పక్క మెల్లగా ఉబ్బు కనిపిస్తుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు, చీము పట్టదు. నమలడానికి మొదట్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఏడాది గడిచేసరికి ముఖం ఒక వైపు నిండుగా ఉన్నట్లు ఇంట్లో వాళ్లు గమనిస్తారు. పంటి వాపు అనుకొని కొందరు పన్ను పీకించుకొంటారు. పన్ను పోతుంది గాని ఉబ్బు తగ్గదు. అప్పటికి గాని ఎముకలోనే ఏదో పెరుగుతున్నదన్న అనుమానం కలగదు.

దవడ ఎముకలో పెరిగే కంతులలో ఎక్కువ భాగం రాచపుండ్లు కావు. అవి రక్తంలో కొట్టుకొనిపోయి ఊపిరితిత్తులలోనో కాలేయంలోనో మళ్లీ మొలవవు. అందువల్ల వైద్యులు వాటిని నిరపాయకరమైన కంతులు అంటారు. కాని ఆ పేరు సగం నిజమే చెబుతుంది. వీటిలో కొన్ని ఉన్నచోటనే ఉంటూ ఎముకను తినివేస్తాయి, పళ్ల వేళ్లను కరిగిస్తాయి, ముఖం ఆకారాన్నే మార్చివేస్తాయి. తీసివేసిన తర్వాత పదేళ్లకు మళ్లీ మొలిచేవి కూడా ఉన్నాయి. మరికొన్ని ఏ హానీ చేయకుండా ఒక దశలో వాటంతట అవే ఆగిపోతాయి. పైకి మాత్రం రెండూ ఒకే ఉబ్బు.

కనుక శస్త్రవైద్యుని ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. ఇది ఏ కంతి? దీనికి ఎంత ఎముక కోయాలి? తక్కువ కోస్తే కంతి తిరిగి వస్తుంది. ఎక్కువ కోస్తే ఇరవై ఏళ్ల యువకుడు అవసరం లేకుండానే సగం దవడ పోగొట్టుకొంటాడు. ఈ రెండు తప్పుల మధ్య సరియైన దారి కనుక్కోవడానికి వైద్యశాస్త్రానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ చరిత్రలో తెలుగు నేలకు కూడా కొంత భాగం ఉన్నది.

దవడకే ఎందుకు?

శరీరంలో రెండు వందలకు పైగా ఎముకలు ఉన్నాయి. పళ్లు మొలిచేది దవడ ఎముకలలో మాత్రమే. ఈ ఒక్క భేదమే దవడ కంతుల ప్రత్యేకతకు మూలం.

శిశువు గర్భంలో ఉండగానే నోటిలోని పైపొర నుంచి కొన్ని కణాలు లోపలికి చొచ్చుకొనిపోయి, పళ్లకు మొలకలుగా ఏర్పడతాయి. పంటి మీద తెల్లగా మెరిసే పింగాణి పొరను తయారు చేసేవి ఈ కణాల సంతతే. పన్ను తయారైన తర్వాత వీటి పని తీరిపోతుంది. కాని అన్నీ నశించవు. చిన్న చిన్న గుంపులుగా పంటి వేళ్ల చుట్టూ, చిగుళ్లలో, ఎముక లోపల నిద్రాణంగా ఉండిపోతాయి. ఇల్లు కట్టిన మేస్త్రీ పని అయిన తర్వాత కొందరు కూలీలను అక్కడే మరచిపోయినట్లు ఇది. చాలామందిలో ఈ కణాలు జీవితాంతం ఊరకనే ఉంటాయి. కొందరిలో మాత్రం మళ్లీ పనికి పూనుకొంటాయి. కట్టడానికి పన్ను లేదు గనుక, కంతినో తిత్తినో కడతాయి.

ఇట్లా పంటి మొలక కణాల నుంచి పుట్టే కంతులలో ముఖ్యమైనది ఎమిలోబ్లాస్టోమా. పింగాణిని తయారు చేసే కణాన్ని ఎమిలోబ్లాస్టు అంటారు. ఆ పేరునుబట్టి కంతికి ఈ పేరు వచ్చింది. ఇది సాధారణంగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య కనిపిస్తుంది. పదింట ఎనిమిది కింది దవడలోనే, అందులోనూ చాలావరకు జ్ఞానదంతం ఉండే వెనుక భాగంలో పుడతాయి. ఇవి గాక, ఎముక కణాల నుంచే పుట్టే కంతులు కూడా దవడలో ఉంటాయి.

సుశ్రుతుని హెచ్చరిక

కంతిని తీయడం ఒక ఎత్తు, మిగలకుండా తీయడం మరొక ఎత్తు. ఈ సంగతి మన దేశంలో చాలా ప్రాచీన కాలంలోనే గుర్తించారు. సుశ్రుత సంహితలో అర్బుదం అన్న పేరుతో కంతుల వర్ణన ఉన్నది. అర్బుదం గుండ్రంగా, కదలకుండా, లోతుగా వేళ్లు దిగి ఉంటుందని, నొప్పి అంతగా ఉండదని, మెల్లగా పెరుగుతుందని, చీము పట్టదని ఆ గ్రంథం చెబుతుంది. చికిత్స గురించి చెప్పేటప్పుడు, అర్బుదాన్ని కొంచెం కూడా మిగల్చకుండా తీయాలని, మిగిలిన శేషం నిప్పురవ్వ వలె మళ్లీ విజృంభించి రోగిని చంపుతుందని హెచ్చరిస్తుంది.

అప్పు, నిప్పు, పగ శేషం ఉంచరాదని పెద్దలు చెప్పే మాటకు వైద్యంలో ఇది సాటి. అయితే సుశ్రుతుని కాలంలో ఎముక లోపల కంతి ఎంతవరకు పాకిందో చూడడానికి సాధనం లేదు. ఒక కంతికీ మరొక కంతికీ స్వభావంలో భేదం తెలుసుకొనే మార్గమూ లేదు. కనుక హెచ్చరిక మిగిలింది గాని, దాన్ని పాటించే ఉపాయం దొరకలేదు.

కుర్చీలో కూర్చున్న రోగి

దవడ ఎముకను కోసి తీసే శస్త్రచికిత్సలు ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దం తొలినాళ్లలో మొదలయ్యాయి. 1812లో పారిస్‌లో డుపుయిట్రెన్ కింది దవడలో కొంత భాగాన్ని కోసి తీశాడు. 1827లో డబ్లిన్ నగరానికి చెందిన క్యూసాక్, తాను చేసిన కింది దవడ శస్త్రచికిత్సల వివరాలు ప్రకటించాడు. ఎమిలోబ్లాస్టోమా అని ఈనాడు పిలిచే కంతికి తొలి వర్ణన ఆ వ్యాసంలోనే ఉన్నదని చరిత్రకారులు చెబుతారు.

మరుసటి ఏడు, 1828లో, ఎడింబరోలో జరిగిన శస్త్రచికిత్స పేరుపొందింది. ఇరవై నాలుగేళ్ల యువకుడొకడు కింది దవడలో పెద్ద కంతితో వచ్చాడు. ఆనాటి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు లిస్టన్ దాన్ని ముట్టుకోనన్నాడు. జేమ్స్ సైమ్ అనే యువ వైద్యుడు పూనుకొన్నాడు. అప్పటికి మత్తుమందు లేదు. రోగిని మామూలు కుర్చీలో కూర్చోబెట్టారు. పడుకోబెడితే నెత్తురు గొంతులోకి పోయి ఊపిరాడదన్న భయం ఒకటి ఉండేది. ఇరవై నాలుగు నిమిషాలలో కంతిని తీశారు. దాని బరువు నాలుగున్నర పౌన్లు, అంటే రెండు కిలోలు. రోగి బతికాడు.

ఆ యువకుని ధైర్యం, సైమ్ హస్తకౌశలం గొప్పవే. కాని ఈ కథలో శాస్త్రం లేని చోటు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అది ఏ జాతి కంతి అన్నది కోయకముందు ఎవరికీ తెలియదు. ఎముకలో ఎంతవరకు వ్యాపించిందో చేతితో తడిమి ఊహించడమే. రోగి భరించగల సమయమే శస్త్రచికిత్సకు హద్దు. వైద్యుని చేతికి ఎంత వేగం ఉంటే అంత మంచిది. నిదానంగా అంచులు వెదికి, శేషం మిగిలిందా అని చూసుకొనే తీరిక లేదు.

హైదరాబాదులో క్లోరోఫారం

ఆ తీరిక మత్తుమందుతో వచ్చింది. 1846 అక్టోబరు 16న బోస్టన్ నగరంలో ఈథరు పీల్పించి బహిరంగంగా చేసిన మొదటి శస్త్రచికిత్స కూడా దవడ కింద, మెడ పైభాగాన ఉన్న ఒక కంతికే కావడం విశేషం. మరుసటి సంవత్సరం ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడుకలోకి తెచ్చాడు. సైమ్ ఈ కొత్త మందును ఆదరించాడు. మందు ఇచ్చేటప్పుడు రోగి నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి చూడాలని ఆయన బోధించేవాడు.

సైమ్ శిష్యులలో ఎడ్వర్డ్ లారీ ఒకడు. ఆయన భారతదేశానికి వచ్చి, 1885 నుంచి హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా పనిచేస్తూ, అక్కడి వైద్య పాఠశాలను కూడా నడిపాడు. క్లోరోఫారంవల్ల మొదట ఆగేది గుండెనా, ఊపిరినా అన్న వివాదం ఆనాడు ప్రపంచమంతటా సాగుతున్నది. దాన్ని తేల్చడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను, 1889లో రెండవ కమిషను ఏర్పడ్డాయి. రెండవదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ ఔషధశాస్త్రజ్ఞుడు వచ్చాడు. వందలాది జంతువులపై పరీక్షలు జరిగాయి. ముందు ఆగేది ఊపిరే, గుండె తర్వాత ఆగుతుంది, కనుక ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే భయం లేదు అని కమిషను తేల్చింది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే క్లోరోఫారం ఇవ్వడంలో ప్రావీణ్యం సంపాదించి, తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరు తెచ్చుకొన్నది.

కమిషను తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలతో చూపించాడు. అయినా ఒక ప్రశ్నను వాదనలతో గాక ప్రయోగశాలలో తేల్చాలని పూనుకోవడం ఆనాటికి గొప్ప సంగతి. ఊపిరిని నిరంతరం కనిపెట్టి ఉండాలన్న పాఠం కూడా వృథా కాలేదు.

దవడ శస్త్రచికిత్సలో ఈ ఊపిరి సమస్య మరింత క్లిష్టం. మత్తుమందు ఇచ్చే ముసుగు ఉండవలసిన చోటనే కత్తి కూడా ఉండాలి. కారే నెత్తురు శ్వాసనాళంలోకి పోకూడదు. గ్లాస్గోలో విలియం మెకివెన్ 1878లో రోగి నోటి గుండా ఒక గొట్టాన్ని శ్వాసనాళంలోకి దించి, దాని ద్వారా క్లోరోఫారం ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత ఇంగ్లండులోని సిడ్‌కప్ ఆసుపత్రిలో, ముఖాలు ఛిద్రమైన సైనికులకు చికిత్స చేస్తున్న గిల్లీస్‌కు తోడుగా మెగిల్, రోబోథం అనే మత్తువైద్యులు ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. ముక్కు గుండా శ్వాసనాళంలోకి గొట్టం పంపితే నోరంతా శస్త్రవైద్యునికి ఖాళీగా ఉంటుంది. ఆనాటి నుంచి దవడ శస్త్రచికిత్సకు నిమిషాల లెక్క పోయింది.

సూక్ష్మదర్శిని చెప్పిన పేర్లు

తీరిక దొరికింది. ఇక తెలివి కావాలి. అది సూక్ష్మదర్శిని ద్వారా వచ్చింది.

1860లలో ఫ్రాన్సులో పాల్ బ్రోకా, పంటి మొలక నుంచి పుట్టే కంతులను వేరుగా ఒక తరగతి చేసి, వాటికి ఓడోంటోమా అని పేరు పెట్టాడు. 1879లో జర్మనీలో ఫాల్క్‌సన్ ఎమిలోబ్లాస్టోమా నిర్మాణాన్ని వివరంగా వర్ణించాడు. 1885లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మలాసే, పంటి వేళ్ల చుట్టూ నిద్రాణంగా ఉండే కణాల గుంపులను చూపించి, ఈ కంతులకు మూలం ఎక్కడో సూచించాడు. ఈనాటికీ ఆ గుంపులను ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎమిలోబ్లాస్టోమా అన్న పేరు 1930లలో స్థిరపడింది.

కంతి నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసి నిర్ణయించే పద్ధతికి 1879లో ఫ్రాన్సులో బెనియే బయాప్సీ అని పేరు పెట్టాడు. మన ఊళ్లలో దీన్ని ముక్క పరీక్ష అంటారు. ముక్క తీస్తే కంతి రేగుతుందన్న భయం కొందరిలో ఉన్నది. దవడలోని నిరపాయకరమైన కంతుల విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. ముక్క పరీక్ష చేయకుండా పెద్ద శస్త్రచికిత్సకు పూనుకోవడమే అసలు ప్రమాదం.

ఎముక లోపలికి చూపు

1895 నవంబరులో రంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. రెండు నెలలు తిరగకముందే, 1896 జనవరిలో, జర్మనీలోని ఓటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకే ఎక్స్-రే ఛాయాచిత్రం తీయించుకొన్నాడు. గాజు పలకను నోటిలో పెట్టుకొని ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. ఈనాడు అదే పని సెకనులో కొద్ది భాగంలో ముగుస్తుంది.

ఎక్స్-రే వచ్చిన తర్వాత శస్త్రవైద్యుడు కత్తి పట్టకముందే కంతి ఎల్లలు చూడగలిగాడు. ఎమిలోబ్లాస్టోమా సాధారణంగా తేనెపట్టు గదుల వలెనో, సబ్బు నురుగు బుడగల వలెనో కనిపిస్తుంది. ఓడోంటోమాలో చిన్న చిన్న పళ్ల వంటి తెల్లని ముక్కలు కనిపిస్తాయి. ఎముక స్థానంలో నారలు పెరిగే ఫైబ్రస్ డిస్‌ప్లాసియా అనే వికృతిలో దవడ గరుకుటద్దం వలె మసకగా ఉంటుంది.

కొండాపురం, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఇక్కడి రోగులకు చేరువలో ఉన్న ఆసుపత్రి, పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీ జమ్మలమడుగులో నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి. అంతకు మించిన వైద్యం కావాలంటే చెన్నపట్నం పోవలసిందే. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసిన మద్రాసు రైలుమార్గం కడప జిల్లా గుండా, కొండాపురం మీదుగానే పోతుంది. చెన్నపట్నం జనరల్ ఆసుపత్రిలో 1934లో బార్నార్డ్ రేడియాలజీ సంస్థ ప్రారంభమైంది. ఎక్స్ కిరణాలతో రోగ నిర్ణయం చేయడంలో దక్షిణ దేశానికి అది పెద్ద కేంద్రం. దవడలో ఏమున్నదో తెలుసుకోవడానికి జిల్లా దాటి, రాత్రి రైలెక్కి పోవలసిన రోజులవి. నొప్పి లేని ఉబ్బుకోసం అంత దూరం పోయేవారు ఎందరుంటారు? పసర్లతో, వాతలతో కాలం గడిపి, కంతి ముఖమంతా కమ్మిన తర్వాత బయలుదేరడం సహజమే.

ఎక్స్-రేకు ఒక పరిమితి ఉన్నది. మొలవని పంటి చుట్టూ ఏర్పడే మామూలు తిత్తి, ఎమిలోబ్లాస్టోమా, కెరటోసిస్ట్ అనే తిత్తి మూడూ ఒక్కొక్కప్పుడు ఛాయాచిత్రంలో ఒకే విధంగా కనిపిస్తాయి. కనుక ఎక్స్-రే ఎంత చూపినా, చివరి మాట ముక్క పరీక్షదే. ఫిన్లండుకు చెందిన పాటెరో రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలంలో, రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపే పద్ధతిని వృద్ధి చేశాడు. 1970ల నుంచి సి.టి. స్కాను కంతి లోతును, మందాన్ని కూడా కొలిచి చూపుతున్నది.

శ్రీకాకుళం పల్లెల్లో తిరిగిన శాస్త్రజ్ఞుడు

1950ల వరకు దవడ కంతులకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క పేరు ఉండేది. ఒక వైద్యుడు వ్రాసిన ఫలితాన్ని మరొకరు పోల్చి చూడడానికి వీలులేదు. ఏ కంతికి ఎంత కోస్తే చాలునో తేలకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ గందరగోళాన్ని సర్దినవారిలో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ పిండ్‌బోర్గ్ ప్రముఖుడు. పంటి మొలక కణాల నుంచి పుట్టి, లోపల సున్నపు రేణువులు పేరుకొనే ఒక అరుదైన కంతిని ఆయన 1955లో గుర్తించాడు. దానికి పిండ్‌బోర్గ్ కంతి అన్న పేరు నిలిచింది. ఆయనకు తెలుగు దేశంతో సంబంధం మరొక దారిలో ఏర్పడింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫలి మెహతా బృందంతో కలిసి ఆయన భారతదేశంలో నోటి వ్యాధులను పరిశీలించాడు. 1969లో ప్రకటించిన ఆ పరిశీలనలో అయిదు జిల్లాలకు చెందిన 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. చుట్టను అడ్డపొగగా, నిప్పు నోటిలోపల ఉండేటట్లు పీల్చే అలవాటుకూ అంగిలి వ్యాధులకూ గల సంబంధాన్ని గురించి, శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మందిని పరిశీలించి 1971లో ప్రత్యేకంగా మరొక వ్యాసం ప్రకటించారు.

అదే 1971లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, దవడ కంతులకూ తిత్తులకూ తొలి అంతర్జాతీయ వర్గీకరణను ప్రకటించింది. దాన్ని కూర్చినవారిలో పిండ్‌బోర్గ్ ఒకడు. శ్రీకాకుళం పల్లెల్లో నోటి వ్యాధుల లెక్క తీసిన శాస్త్రజ్ఞుడే ప్రపంచానికంతటికీ దవడ కంతుల పేర్లు కుదిర్చాడన్నమాట.

పేర్లు కుదిరినా వాదన ఆగలేదు. కెరటోసిస్ట్ తిరిగి తిరిగి వస్తుంది గనుక 2005 వర్గీకరణలో దాన్ని కంతుల జాబితాలో చేర్చారు. 2017లో మళ్లీ తిత్తులలోకి మార్చారు. శాస్త్రంలో వర్గీకరణ రాతి మీద గీత కాదు. సాక్ష్యం మారితే అదీ మారుతుంది.

ఎంత కోయాలి?

పేరు తెలిసిన తర్వాతనే రెండవ ప్రశ్నకు సమాధానం. కంతి జాతినిబట్టి చికిత్స మారుతుంది.

ఓడోంటోమాను పొర చుట్టూ విడదీసి తీస్తే చాలును. అది తిరిగి రాదు. ఫైబ్రస్ డిస్‌ప్లాసియా చాలామందిలో యౌవనం ముగిసేసరికి పెరగడం ఆగిపోతుంది. దాన్ని పూర్తిగా కోయకుండా, కొంతకాలం వేచి చూసి, ముఖం అందం చెడకుండా ఉబ్బును చెక్కితే సరిపోతుంది. దానికి కిరణ చికిత్స చేయడం తగదు. కొన్నేళ్లకు రాచపుండుగా మారే ప్రమాదం పెరుగుతుందని అనుభవం నేర్పింది.

పెద్ద కణాలతో నిండిన మరొక కంతి ఉన్నది. దాన్ని కోయబోయే ముందు రక్తంలో కాల్షియం ఎంత ఉన్నదో చూడాలి. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తే ఎముకలలోని కాల్షియం కరిగి, దవడలో అచ్చం అదే కంతి కనిపిస్తుంది. అప్పుడు కోయవలసింది దవడను కాదు, మెడలోని గ్రంథిని. అటువంటి గ్రంథి కంతిని 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ తీసివేయగా, కరిగిపోతున్న ఎముకలు కోలుకొన్నాయి.

అసలు చిక్కు ఎమిలోబ్లాస్టోమాతో. అది మెత్తగా ఉంటుంది, గరిటె వంటి పరికరంతో గీకితే ఊడివస్తుంది. ముఖం చెడదు, రోగి సంతోషిస్తాడు. చాలాకాలం వైద్యులు ఇట్లాగే చేశారు. కాని ఏళ్ల తరబడి రోగులను కనిపెట్టి చూసేసరికి, గీకివేసిన కంతులలో సగానికి మించి తిరిగి వచ్చినట్లు తేలింది. కారణం సూక్ష్మదర్శినిలో దొరికింది. ఎక్స్-రేలో కనిపించే అంచు దగ్గర కంతి ఆగిపోదు. స్పంజి వంటి ఎముక లోపలి గదులలోకి సన్నని వేళ్లు పంపుతుంది. నల్లరేగడి చేలో తుంగ పీకిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పైన గడ్డి చేతికి వస్తుంది, గడ్డలు భూమిలో ఉండిపోతాయి, వాన పడగానే మళ్లీ మొలుస్తుంది.

కనుక పెద్దవారిలో మామూలు ఎమిలోబ్లాస్టోమాకు, కనిపించే అంచు దాటి ఒకటి, రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా కోయడం నియమమైంది. అయితే ఈ నియమం అందరికీ వర్తించదు. ఒకే తిత్తిగా ఉండే రకాన్ని 1977లో రాబిన్సన్, మార్టినెజ్ వేరుచేసి చూపించారు. ఇది చిన్న వయస్సులో ఎక్కువ. కణాలు తిత్తి గోడను దాటని పక్షంలో తక్కువ చికిత్సతోనే నయమవుతుంది. పెద్ద తిత్తికి మొదట కిటికీ వంటి రంధ్రం చేసి, లోపలి ఒత్తిడి తగ్గించి, ఎముక మళ్లీ పెరిగిన తర్వాత మిగిలిన భాగాన్ని తీసే పద్ధతి కూడా ఉన్నది. జర్మనీలోని పార్ట్ష్ 1892లో నేర్పిన ఉపాయం అది.

సుశ్రుతుడు శేషం ఉంచవద్దన్నాడు. ఆధునిక శాస్త్రం దానికి చేర్చినది ఒక్కటే: ఏ కంతికి శేషం ఉంటుందో, అది ఎంత దూరంలో ఉంటుందో ముందు తెలుసుకో.

పోయిన దవడ తిరిగి రావడం

ఎక్కువ కోయడానికి రోగీ వైద్యుడూ వెనుకాడడానికి గల పెద్ద కారణం, కోసిన తర్వాత మిగిలే ముఖం. కింది దవడ మధ్యలో ముక్క పోతే గడ్డం లోపలికి కుంగిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది, అన్నం నమలడం కుదరదు. అంతటి శిక్షకు భయపడి తక్కువ కోసినవారిని తప్పుపట్టలేము.

ప్రపంచ యుద్ధాలలో ముఖాలు దెబ్బతిన్న సైనికుల చికిత్సలో, తుంటి ఎముక నుంచి ముక్క తీసి దవడకు అతికే పద్ధతి అభివృద్ధి చెందింది. కాని పెద్ద ఖాళీలలో, రక్త ప్రసారం లేని ఎముక ముక్క తరచు కరిగిపోయేది. 1975లో ఆస్ట్రేలియాలో టేలర్, కాలి పిక్కలోని సన్నని ఎముకను దాని రక్తనాళాలతో సహా తీసి, కొత్త చోట ఆ నాళాలను సూక్ష్మదర్శిని కింద కుట్టి బతికించాడు. 1989లో న్యూయార్క్‌లో హిడాల్గో అదే ఎముకను దవడ వంపుకు తగినట్లు మలచి అమర్చాడు. ఆ ఎముక లేకపోయినా మనిషి నడవగలడు. దాన్ని టైటానియం పట్టీతో బిగించి, కొంతకాలం తర్వాత దాని మీదనే టైటానియం మరలతో పళ్లు నిలబెట్టవచ్చును. తగినంత కోసే ధైర్యం వైద్యునికి వచ్చింది ఈ పునర్నిర్మాణ విద్యవల్లనే.

నేటి స్థితి

తెలుగు ప్రాంతంలో ఈ చికిత్స క్రమంగా దగ్గరికి వచ్చింది. 1923లో విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల, 1957లో కర్నూలు వైద్య కళాశాల ప్రారంభమయ్యాయి. 1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలసింది. దవడ, ముఖ శస్త్రచికిత్స దంతవైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా పెరిగింది. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల, దానికి తోడుగా దంతవైద్య కళాశాల కూడా వచ్చాయి. ఒకనాడు దవడ ఎక్స్-రేకు చెన్నపట్నం రైలెక్కిన కొండాపురం ప్రాంతంవారికి, ఈనాడు జిల్లా కేంద్రంలోనే దంతవైద్య కళాశాల ఉన్నది.

పరిశోధన కూడా ఆగలేదు. ఎమిలోబ్లాస్టోమాలలో సగానికి మించినవాటిలో బ్రాఫ్ అనే జన్యువు ఒక నిర్ణీత స్థానంలో మారి ఉంటుందని 2014లో కనుగొన్నారు. అదే మార్పు చర్మానికి వచ్చే ఒక రాచపుండులో అంతకుముందే తెలుసును; దాన్ని అణచే మందులు కూడా ఉన్నాయి. ఆ మందులు వాడినప్పుడు కొందరు రోగులలో దవడ కంతి కుంచించుకొనిపోయింది. కోయవలసిన ఎముక ఇంకా తగ్గే రోజు రావచ్చును. అయితే ప్రస్తుతానికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే.

ఈ చరిత్ర మొత్తంలో ఒక విషయం మారలేదు. కంతి చిన్నగా ఉన్నప్పుడు కనుక్కొంటే కోయవలసినది తక్కువ. బడిలో, ఇంట్లో గమనించదగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ముఖం ఒక పక్క మెల్లగా నిండుగా కావడం. పుచ్చు లేకుండానే పళ్లు కదలడం, పక్కకు జరగడం. ఊడిన పాలపన్ను స్థానంలో రావలసిన పన్ను ఎంతకాలానికీ రాకపోవడం. పన్ను పీకిన పుండు మానకపోవడం. వేలితో నొక్కితే చిగురు కింద ఎముక గుడ్డు పెంకు వలె చిటపటలాడడం. నొప్పి లేదు గదా అని ఊరకుండడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఒక ఎక్స్-రే, అవసరమైతే ఒక ముక్క పరీక్ష, ఈ రెండింటితో సంగతి తేలుతుంది.

శస్త్రచికిత్స ముగిసిన తర్వాత కూడా రోగి ఏటా వచ్చి చూపించుకోవాలి. ఎమిలోబ్లాస్టోమా పదేళ్ల తర్వాత కూడా తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. గాయం మానిందని, ముఖం కుదుటపడిందని ఆసుపత్రి దారి మరచిన రోగిలో, శేషం మిగిలి ఉంటే అది చప్పుడు లేకుండానే పెరుగుతుంది.